మాస్కు వెనక మాట

శ్రోతలకు నమస్కారం.

ఆపరేషన్ థియేటర్‌లో పని సగం చేతుల మీద నడిస్తే, సగం మాట మీద నడుస్తుంది. రక్తపోటు పడిపోతోందని మత్తు డాక్టరు చెప్పాలి, అది సర్జన్ చెవిన పడాలి. లోపల పెట్టిన గాజుగుడ్డల లెక్క తేలలేదని నర్సు చెబితే కుట్లు వేయడం ఆగాలి. 2020లో కోవిడ్ వచ్చి ఈ మాటకే అడ్డం పడింది. ఎన్95 మాస్కు, దానిపైన షీల్డు, ఒళ్లంతా పీపీఈ కిట్టు. గొంతు సరిగా వినబడదు, కళ్లద్దాలకు ఆవిరి పట్టేస్తుంది. ఎదుట ఉన్నది ఎవరో పోల్చుకోవడమే కష్టం. అందుకే చాలాచోట్ల గౌను మీద పేరు, హోదా పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. చెప్పిన మాటను విన్నవాళ్లు తిరిగి పైకి చెప్పాలన్న పద్ధతిని గట్టిగా పట్టుకున్నారు. మందు పేరు, మోతాదు తిరిగి చెబితేనే అది సరిగా విన్నట్టు లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే 19 అంశాలతో శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టు తెచ్చింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని థియేటర్ నుంచి బయటికి తెచ్చేముందు, మూడుసార్లు అందరూ ఆగి సరిచూసుకోవాలి. ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో పరీక్షిస్తే, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కాగితం మీద టిక్కులు పెట్టినంత మాత్రాన ఇది జరగదు. అందరూ తమ పేరు, తాము చేసే పని చెప్పుకోవాలన్నది కూడా అందులో ఒక అంశం. ఒకసారి నోరు విప్పినవాళ్లకు, తేడా కనబడినప్పుడు మళ్లీ నోరు విప్పడం తేలికవుతుంది. నా దృష్టిలో ఆ చెక్‌లిస్టు ప్రాణమంతా అక్కడే ఉంది.

కోవిడ్ రోజుల్లో ఇలా నోరు విప్పడం విలువ తెలిసింది పీపీఈ కిట్టు విప్పే చోట. తొడుక్కునేటప్పటి కంటే విప్పుకునేటప్పుడే ప్రమాదం ఎక్కువ. గంటల తరబడి ఆపరేషన్ చేసి, చెమటలో తడిసి, దాహంతో బయటికొచ్చిన మనిషికి ముందు మాస్కు లాగి పారేయాలనిపిస్తుంది. కానీ అది చివరికి తీయాల్సింది, అదీ ముందు భాగం ముట్టుకోకుండా. అందుకే పక్కన ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ చదివి వినిపిస్తారు. ఆ మనిషి వయసులో, హోదాలో చిన్నవారే కావచ్చు. "ఆగండి సార్, ముందు చేతులు శుభ్రం చేసుకోండి" అంటే ఎంత పెద్ద సర్జన్ అయినా ఆగాల్సిందే. ఆ మాట అనడానికి భయపడే పరిస్థితి ఉంటే, ఎన్ని కిట్లు కొన్నా లాభం లేదు.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి బయటపడింది. మంచి బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, దాచకుండా చెప్పారని తర్వాత తేలింది. కాబట్టి పొరపాటు చెప్పిన నర్సును నలుగురిలో నిలదీసే ఆసుపత్రిలో రికార్డులు శుభ్రంగానే ఉంటాయి. రోగికి మాత్రం అక్కడే ముప్పు.

ఇందులో రోగి వంతు కూడా ఉంది. ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని జ్వరం, దగ్గు దాచిపెట్టినవాళ్లు ఉన్నారు. ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది. నెలల తరబడి ఎదురుచూసినవాళ్ల బాధ చిన్నది కాదు. అయితే 24 దేశాల రోగుల వివరాలతో 2020లో వచ్చిన అధ్యయనంలో, ఆపరేషన్‌కు కాస్త ముందో తర్వాతో కోవిడ్ సోకినట్టు తేలినవారిలో దాదాపు నాలుగో వంతు మంది 30 రోజుల్లోపే చనిపోయారు. 2021లో వచ్చిన మరో అధ్యయనం, అత్యవసరం కాకపోతే కోవిడ్ సోకిన తర్వాత ఏడు వారాలైనా ఆగడం మేలని అప్పట్లో చూపించింది. కాబట్టి ఆపరేషన్ రోజున ఒంట్లో ఏ నలత ఉన్నా ముందే చెప్పండి. థియేటర్‌లో మీ పేరు, ఏ వైపు ఆపరేషన్ అని మూడోసారి అడిగినా విసుక్కోకుండా పూర్తిగా జవాబివ్వండి. వాళ్లు చెప్పిన వైపు తప్పనిపిస్తే, వెంటనే ఆపమనండి.

సెలవు.