మూడు నెలలకు ఒక బకెట్

శ్రోతలందరికీ నమస్కారం.

మాది కాకినాడ. ఒక ఏడాది ఆగస్టులో, లెక్కల తనిఖీ పని మీద, మా ఆఫీసు నన్ను మూడు నెలలకు వరంగల్ పంపింది. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. పుట్టిల్లు, అత్తిల్లు తప్ప ఇంకెక్కడా ఒక్కదాన్నే ఉండి ఎరగను. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "ఎంతలే, మూడు నెలలే కదా, కళ్లు మూసుకుంటే అయిపోతాయి" అని. నేనూ నిజంగానే కళ్లు మూసుకుని గడిపేద్దామనుకున్నాను. మొదటి పది రోజులూ అందుకే పాడయ్యాయి.

గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే వరంగల్ వచ్చేస్తుంది. బోర్డు మీద పేరు చూశాను, దిగిపోయాను. బయట ఆటో అతనికి లాడ్జి చీటీ చూపిస్తే ఆ చీకట్లోనే నవ్వాడు. "నక్కలగుట్టకా? మరి కాజీపేటల దిగకపోయినవా మేడం" అన్నాడు. కాజీపేట ఆ తర్వాతి స్టేషనే. ఇంకాసేపు సీట్లో కూర్చుని ఉంటే సరిపోయేది. వానలో, సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని, ఊరు ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్లాను.

ఆ దారంతా నన్ను పీకింది మాత్రం స్టేషన్ సంగతి కాదు. "మేడం" అంటూనే "దిగకపోయినవా" అనడమేంటి? మా వైపు కూరగాయలమ్మే ఆవిడ కూడా "అండీ" లేకుండా ధర చెప్పదు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇతను నువ్వంటాడా అని మనసులోనే సాగదీసుకున్నాను.

ముందు ఊరి సంగతి చెబుతాను. బయటివాళ్లకు అదంతా వరంగల్. అక్కడివాళ్లకు మూడు ఊళ్లు. రైలు పట్టాల చుట్టూ పెరిగింది కాజీపేట. ఆఫీసులు, పెద్ద బస్టాండు, కాలేజీలు ఉన్నది హన్మకొండ. కోట, పాత బజార్లు, ఎనుమాముల మార్కెట్టు, ఎంజీఎం దవాఖాన ఉన్నది అసలు వరంగల్. మధ్యలో ఎక్కడా పొలం, ఖాళీ జాగా కనిపించవు కాబట్టి ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైనట్టు కొత్తవాళ్లకు తెలియదు. "వరంగల్ పోతున్న" అని హన్మకొండ మనిషి అన్నాడంటే పక్క ఊరు వెళ్తున్నాడనే అర్థం. ఇది చాలదన్నట్టు 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని, వరంగల్ రూరల్‌కు వరంగల్ అని పేర్లు మార్చారు. 1959లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్, పేరులో వరంగలే ఉంటుంది; మనిషి వెళ్లాల్సింది మాత్రం కాజీపేట, హన్మకొండల మధ్యకు. కొత్తగా వెళ్లేవాళ్లు గది మాట్లాడుకునే ముందు, పని ఈ మూడింటిలో ఎక్కడో కనుక్కోవాలి. షేర్ ఆటోలు, సిటీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి కానీ, ఈ చివర ఉండి ఆ చివర పని చేస్తే రోజూ గంటకు పైగా రోడ్డు మీదే పోతుంది.

సరే, లాడ్జి. మూడు నెలలకు ఏం సర్దుకుంటాంలే అని సూట్‌కేసు మంచం కింద పెట్టి, చీర కావలసినప్పుడల్లా లాగడం, మళ్లీ తోసేయడం. తడి బట్టలు కుర్చీ మీద. రాత్రికి బ్రెడ్డు, అరటిపళ్లు. బకెట్ పగిలి ఉంటే అడగలేదు, కొనుక్కోలేదు. కింద చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు పోసుకున్నాను. వచ్చే రైలు కోసం ప్లాట్‌ఫారం మీద ఎదురుచూసేవాళ్లు ఎలా ఉంటారో అలా ఉన్నాను. ఆ రైలేమో తొంభై రోజుల తర్వాత.

పదో రోజు జ్వరం వచ్చింది. గది ఊడవడానికి వచ్చే ఆవిడ నా మొహం చూసి చీపురు పక్కన పెట్టింది. "ఏమైంది అక్కా, గోలి ఏసుకున్నవా?" అంది. గోలీలాటలు ఆడే వయసా నాది అనుకున్నాను. "రెక్కలు గుంజుతున్నయా?" అంది. ఇక నాకు భయమేసింది. జ్వరం నాకా, ఆమెకా? చేతులు పట్టుకుని చూపిస్తే అర్థమైంది. అక్కడ గోలి అంటే మాత్ర. రెక్కలంటే చేతులు. మా వైపు "రెక్కాడితే గాని డొక్కాడదు" అని రోజుకోసారి అంటాం, ఆ రెక్క చెయ్యేనని ఎన్నడూ ఆలోచించలేదు. వాళ్లు ఇంకా వాడుతున్నారు, మేం సామెతలో దాచిపెట్టుకున్నాం.

ఆవిడే కింద మందుల షాపుకు పోయి గోలీలు తెచ్చింది. ఆవిడే, ఈ గదిలో ఉంటే నువ్వు మళ్లీ పడతవ్ అని, తనకు తెలిసిన ఇంట్లో కిరాయికి గది ఉందని చెప్పింది. అద్దె కాదు, కిరాయి.

ఆ గదికి ముందు ఇంకొకటి చూశాను. కింది అంతస్తు, చవక, ఆఫీసుకు నడిచిపోయే దూరం. ఇంటాయన ఏదడిగినా ఉందన్నాడు. నాకు రెండు మాటలు ఒకేలా వినిపించేవి: నల్లా, నాలా. నల్లా అంటే కుళాయి. నాలా అంటే వాన నీళ్లు పోయే పెద్ద కాలవ. "నాలా దగ్గరే ఉన్నది" అని ఎదురింటావిడ చెబితే, కుళాయి దగ్గరే ఉందట, మంచిదే కదా అనుకున్నాను. ఆమె గోడ చూపించింది. మోకాలెత్తున, కొత్త సున్నం కింద నుంచి, ఒక గీత. 2020 ఆగస్టు వానల్లో హన్మకొండలో పల్లపు కాలనీలు చాలా వరకు మునిగాయి. వానాకాలం వెళ్లేవాళ్లు గోడ కింది భాగం చూడండి. ఇంటాయన చెప్పనిది గోడ చెబుతుంది.

రెండో ఇల్లు మేడ మీద గది. ఇంటావిడ నా కన్నా ఐదారేళ్లు పెద్ద. నల్లా ఏ పూట వస్తుందో, గేటు ఎన్నింటికి వేస్తారో, తాగే నీళ్ల క్యాన్ ఎవరు మోసుకొస్తారో, నేను అడగకముందే ఆవిడే చెప్పింది. చివర్లో నా చేతులు చూసి, "నీ సామాను ఏది చెల్లె?" అంది. సూట్‌కేసు చూపించాను. "అది కాదు, బకెటేది?"

ఆ సాయంత్రం హన్మకొండ చౌరస్తా వెళ్లి బకెట్, మగ్గు, బట్టలారేసుకునే తాడు, ఒక చిన్న గిన్నె, స్టీలు గ్లాసు కొన్నాను. నీలం రంగు బకెట్. పెళ్లి చీర కొన్నప్పుడు కూడా రంగు గురించి అంతసేపు ఆలోచించలేదేమో. ఆదివారం కొత్తవాడ వెళ్లాను. వరంగల్‌లో జంపఖానాలు నేసే పేట అది. నూలు జంపఖానా, ఎరుపు మీద నలుపు చారలు. ఈ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ ప్రదర్శన దాకా వెళ్లాయి. అదంతా షాపులో ఎవరూ చెప్పలేదు. "నీళ్లల్ల నానబెట్టకు, ఎండల ఆరెయ్" అని మాత్రం రెండుసార్లు చెప్పారు. ఆ రాత్రి జంపఖానా పరుచుకుని, సూట్‌కేసు ఖాళీ చేసి, బట్టలు గూట్లో పెట్టాను. వరంగల్ వచ్చానని అప్పుడు అనిపించింది.

ఇప్పుడు ఆ నువ్వు సంగతి. మా ఇంటావిడను నేను ప్రతి మాటకూ "అండీ" అనేదాన్ని. వారం ఓపిక పట్టింది. ఎనిమిదో రోజు, "నువ్వట్ల అండీ అండీ అంటె, నాకు బ్యాంకుల లైన్ల నిలబడ్డట్టున్నది చెల్లె" అంది. వాళ్లకు మర్యాద తెలియదని కాదు. ఆఫీసులో "వచ్చిన్రా సార్, తిన్నరా సార్" అని వినిపిస్తూనే ఉంటుంది. దూరం పెట్టాలనుకున్నప్పుడు మీరంటారు, దగ్గరికి తీసుకుంటే నువ్వంటారు. మనం మర్యాద అనుకున్నది అక్కడ ఒక్కోసారి తలుపు వేసుకోవడం అవుతుంది. మా ఇంటావిడ అత్తగారు, అందరూ అవ్వ అనే తొంభై ఏళ్ల ఆవిడ, నేను గేటు తీసిన చప్పుడు వింటే చాలు, "తిన్నవా బిడ్డా" అనేది. నన్ను బిడ్డా అని పిలిచేవాళ్లు మా ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

తిండికి నేను పడ్డ ఇబ్బంది పెద్దగా ఏమీ లేదు. కర్రీ పాయింట్లు వీధికొకటి. కారం ఎక్కువ, పులుపూ ఎక్కువ, అలవాటైపోతుంది. వానాకాలం కాబట్టి మక్క కంకులు, మక్క గారెలు. కానీ సర్వపిండి గురించి మాత్రం చెప్పాలి. గిన్నప్ప అని కూడా అంటారు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం వేసి ముద్ద కలుపుతారు. ఆ ముద్దను పెనం మీద కాదు, లోతు గిన్నె లోపల, అడుగునా అంచులకూ వేళ్లతో ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి నూనె పోసి, మూత పెట్టి సన్నటి మంట మీద వదిలేస్తారు. అడుగు కరకర, పైన మెత్తన. ఒకటి అయ్యాక ఇంకోటి వెంటనే ఒత్తడానికి లేదు, గిన్నె కాలిపోతుంటుంది. మా అక్క, అదే మా ఇంటావిడ, గిన్నెను నల్లా కింద బోర్లించేది. బుస్సుమని పొగ. చల్లారిందాకా కబుర్లు. అంటే ఒక్కో సర్వపిండికీ మధ్య తప్పనిసరిగా ఒక కబురు ఉంటుందన్నమాట. ఆ కాలనీ చరిత్ర మొత్తం నేను అలాగే తెలుసుకున్నాను. వంటింట్లో రెండు గిన్నెలు ఉన్నాయి. ఆవిడ ఒకటే వాడేది.

చూడవలసిన చోట్ల జాబితా నేను చదవను, అవి అందరికీ తెలుసు. వేయి స్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించింది. నాకు మాత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు పావుగంట కూర్చునే అరుగు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్ప గుడికి ఒక ఆదివారం మొత్తం కేటాయించండి, ములుగు మీదుగా దారి. కోటకు వెళ్తే నాలుగు తోరణాల దగ్గర ఫొటోలు తీసుకుని వచ్చేయకండి. కోట లోపల ఊరుంది. రాతిగోడ పక్కన జనం ఇళ్లు కట్టుకుని, బట్టలారేసుకుని, బర్రెలు కట్టేసుకుని ఉంటారు. తాడు, బకెట్ కొత్తగా కొనుక్కున్న నాకు అది శిల్పాల కన్నా బాగా నచ్చింది.

సెప్టెంబరు చివర్లో మా పని బాగా పెరిగింది, అదే సమయానికి బతుకమ్మ వచ్చింది. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ. ముందు రోజే కోసి నీళ్లలో ఉంచిన పూలు కాబట్టి ఎంగిలిపూలంటారని అక్క చెప్పింది. నాకు అప్పగించిన పని గునుగు పూల చివర్లకు రంగు అద్దడం. తంగేడు, గునుగు, బంతి, తాంబాళంలో వరుస మీద వరుస. నేను పేర్చిన వైపు ఒరిగింది. అవ్వ చూసి, "తనిఖీ చేసేటోళ్లకు పేర్సుడు రాదు" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు.

వేయి స్తంభాల గుడి దగ్గరికి వెళ్లాం. అంతమంది ఆడవాళ్లను ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. ఉయ్యాలో అని ఒకరందుకుంటే చుట్టూ వందల గొంతులు. చూస్తే సులువే, వంగి చప్పట్లు కొడుతూ తిరగడమేగా అనిపిస్తుంది. పది నిమిషాలకు నడుం పట్టేసింది, పక్కావిడ కాలు తొక్కాను. ఆవిడ ఆట ఆపలేదు, నా భుజం పట్టుకుని పక్కకు జరిపి, మళ్లీ చప్పట్లు.

ఆరో రోజు ఆఫీసులో బతిమాలుకుని తొందరగా వచ్చాను, దారిలో పూలు కూడా కొన్నాను. ఇంట్లో సందడే లేదు. "ఇయ్యాల లేదు చెల్లె, అలిగింది" అంది అక్క. ఎవరలిగారు, అవ్వా అని కంగారు పడ్డాను. బతుకమ్మే అలిగిందట. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, పేర్చరు, ఆడరు. దేవత అలిగితే ఆ రోజు పని మానేసి ఊరుకుంటారు, ఎవరూ బతిమాలరు. నాకది భలే నచ్చింది. మా ఇంట్లో నేను ఏడాదికి ఒకసారి కూడా అలా అలగలేదు. తెచ్చిన పూలు నా నీలం బకెట్‌లోనే నీళ్లు పోసి ఉంచాను.

దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారమన్నారు. నెలాఖరుకు పని అయిపోయింది. బకెట్, తాడు, మగ్గు, ఆ గదిలోకి వస్తున్న నిర్మల్ ఊరి అమ్మాయికి ఇచ్చేశాను. పోటీ పరీక్షల కోచింగుకు వచ్చింది, ఆరు నెలలే ఆంటీ, ఇవన్నీ ఎందుకు అంది. బకెట్ వెనక్కి తీసుకోలేదు. జంపఖానా చుట్టుకుని, ఈసారి కాజీపేటలోనే గౌతమి ఎక్కాను.

కాకినాడ వచ్చిన నాలుగో రోజు మా ఆయనకు జలుబు చేసింది. వీధి చివర మందుల షాపుకు వెళ్లి, "బాబూ, జ్వరం గోలీలు నాలుగు ఇయ్యి" అన్నాను. ఆ కుర్రాడు నన్ను పదేళ్లుగా ఎరిగినవాడు. కాసేపు నా మొహంలోకి చూసి, "అవి పక్క బడ్డీలో దొరుకుతాయేమోనండీ" అన్నాడు.