ఓడిన కేసుల ప్లీడరు: సాల్మన్ చేజ్

అందరికీ నమస్కారం. కేసు ఓడి కోర్టు హాల్లోంచి బయటికొచ్చే జూనియర్ మొహం మీరు చూసే ఉంటారు. క్లయింటు కళ్లలోకి చూడలేక గౌను సర్దుకుంటూ ఉంటాడు. నేనూ అలా సర్దుకున్నవాడినే. అందుకే ఇవాళ, ఓడిన కేసులతోనే పేరు తెచ్చుకున్న ఒక ప్లీడరు గురించి చెబుదామని వచ్చాను.

ఆయన సాల్మన్ చేజ్. 1808లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్లకే తండ్రి పోతే, ఒహాయోలో బిషప్‌గా ఉన్న బాబాయి కొన్నాళ్లు సాకాడు. 1830లో సిన్సినాటిలో ప్రాక్టీసు పెట్టాడు. ఆ ఊరు ఒహాయో నది ఒడ్డున ఉంది. అప్పట్లో ఇవతల బానిసత్వం లేదు. నది దాటితే కెంటకీ, అక్కడ మనుషుల్ని అమ్ముకోవచ్చు. ఇలాంటి ఊళ్లో లాయరుకి ఎలాంటి కేసులొస్తాయో వేరే చెప్పాలా?

1837లో మటిల్డా అనే పనమ్మాయి కేసు వచ్చింది. యజమానితో పడవలో వెళ్తూ సిన్సినాటిలో దిగి తప్పించుకుంది. బానిసత్వం లేని నేల మీద కాలు పెట్టాక ఆమె బానిస ఎలా అవుతుందని చేజ్ వాదించాడు. కోర్టు వినలేదు. ఆమెను యజమాని మనుషులకే అప్పగించారు. తర్వాత వాన్ జాంట్ అనే రైతు కేసు. పారిపోతున్న తొమ్మిది మందిని బండిలో ఎక్కించుకున్నాడని అతని మీద దావా పడింది. చేజ్ ఫీజు తీసుకోలేదు. సుప్రీంకోర్టుకు వంద పేజీలకు పైగా వాదన రాసిచ్చాడు. 1847లో అదీ పోయింది. కానీ ఆ వాదన అచ్చయి ఊరూరా తిరిగింది. 'పారిపోయిన బానిసల అటార్నీ జనరల్' అని కెంటకీవాళ్లు ఆయనకు పేరు పెట్టారు. వాళ్లు తిట్టామనుకున్నారు.

ఆ పేరే 1849లో ఆయన్ని సెనేట్‌కి పంపింది. 1855లో ఒహాయో గవర్నర్‌గా గెలిపించింది. గవర్నరంటే మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ అనుకునేరు. అక్కడ ఆయన జనం ఓట్లతో గెలిచినవాడు, మన ముఖ్యమంత్రి లెక్క.

ఇక్కడ కాస్త ఆగాలి. గవర్నర్‌గా ప్రమాణం చేసి రెండు వారాలైనా కాలేదు. 1856 జనవరి ఆఖర్లో, చలికి నది గడ్డకట్టింది. మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ ఆ మంచు మీద నడిచి పిల్లలతో సిన్సినాటి చేరింది. తెల్లారేసరికి ఇంటిని చుట్టుముట్టారు. మళ్లీ బానిసగా పంపనివ్వనని రెండేళ్ల కూతురి గొంతు కోసేసింది. హత్య కేసు కింద ఒహాయోలోనే ఉంచితే ఆమె బానిసత్వంలోకి వెళ్లదు. కానీ కేంద్ర చట్టం యజమాని వైపు ఉంది, ఆమెను నది దాటించేశారు. చేజ్ అప్పగింత కోరుతూ కెంటకీకి కాగితం పంపాడు. ఒహాయో మనుషులు వెళ్లేలోపు యజమాని ఆమెను దక్షిణాదికి తరలించాడు. గవర్నరై ఉండి ఏం చేశావని బానిసత్వ వ్యతిరేకులే ఆయన్ని నిలదీశారు. నా దృష్టిలో ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్లీడరుగా ఓడితే చట్టం మీద నెట్టొచ్చు, కుర్చీలో కూర్చున్నాక ఆ వెసులుబాటు ఉండదు.

మిగతాది గబగబా చెప్పేస్తాను. లింకన్ ఆయన్ని 1861లో ఖజానా మంత్రిని చేశాడు. అంతర్యుద్ధానికి డబ్బుల్లేక కాగితం నోట్లు అచ్చు వేశారు. ఒక డాలరు నోటు మీద చేజ్ బొమ్మే! అధ్యక్షుడు కావాలన్న ఆశ ఆయనకి ఎప్పుడూ పోలేదులెండి. 1864లో సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ అయ్యాడు. 1870లో తమాషా జరిగింది. నోట్ల చట్టానికి ముందు చేసిన అప్పులకు ఆ నోట్లే పుచ్చుకోవాలని బలవంతం చేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు రాశాడు. మంత్రిగా తాను వేయించిన నోట్ల మీదే! మరుసటేడు కోర్టు ఆ తీర్పును తిరగేస్తే, ఆయన ఒప్పుకోకుండా విడిగా రాశాడు.

ఒక్కటి మిగిలింది. నల్లజాతివాళ్లు అమెరికా పౌరులే కారని డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు అన్నది 1857లో. 1865 ఫిబ్రవరి 1న అదే కోర్టు ముందుకి జాన్ రాక్ అనే నల్లజాతి లాయరు వచ్చాడు. బార్‌లో, అంటే ఆ కోర్టులో వాదించే లాయర్లలో, చేర్చుకోమని సెనేటర్ సమ్నర్ మోషన్ పెట్టాడు. పీఠం మీద ఉన్నది, పద్దెనిమిదేళ్ల కిందట అక్కడే వాన్ జాంట్ కేసు ఓడిపోయిన చేజ్. సరేనన్నాడు. రాక్ ముందుకొచ్చి ప్రమాణం చేశాడు.