చల్లగాలి దారిలో అర

అందరికీ నమస్కారం.

ఇక్కడ దుకాణాలు నడిపేవారు ఉన్నారు, ఫ్రిజ్‌లు తయారుచేసేవారు ఉన్నారు, రోజూ సరుకు సర్దే సిబ్బంది కూడా ఉన్నారు. నేను అందరికన్నా ముందు మాట్లాడాలనుకున్నది ఆ సర్దేవారితో. డిస్‌ప్లే ఫ్రిజ్‌ను ఎంత గొప్పగా తయారుచేసినా, అందులోని పాల ప్యాకెట్ చల్లగా ఉంటుందా లేదా అన్నది చివరికి మీ చేతుల్లోనే తేలుతుంది.

నా పని అరలు. తలుపు లేని నిలువు ఫ్రిజ్‌లలోనూ, గాజు తలుపుల కూలర్లలోనూ అరలకు కొలతలు తీసి, అమర్చి, చెడితే సరిచేస్తూ చాలా ఏళ్లు గడిపాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అర అంటే నాకు సామాను మోసే పలక, అంతే. పుస్తకాల బీరువాలోని పలకకూ దీనికీ తేడా ఉంటుందని తోచలేదు. ఆ అభిప్రాయాన్ని పోగొట్టింది నేనే చేసిన ఒక పొరపాటు. ఒక దుకాణంలో పెరుగు డబ్బాలు ఇంకో వరుస పట్టాలని అడిగితే, మధ్యనున్న రెండు అరలను నాలుగు వేళ్ల వెడల్పున ముందుకు పొడిగించి పెట్టాను. నిండుగా, చూడముచ్చటగా ఉంది. వారం తిరగకుండానే కింది అరల్లో డబ్బాలు ఉబ్బుతున్నాయని కబురు వచ్చింది. మెకానిక్ వచ్చి కంప్రెసర్ చూశాడు, గ్యాస్ చూశాడు, ఫ్యాన్లు చూశాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. పైనుంచి దిగే గాలి చల్లగానే ఉంది. పొడిగించిన అరల కింద పెట్టిన థర్మామీటర్ మాత్రం 11 డిగ్రీలు చూపింది. నా అరలు తీసేసి పాతవి తగిలించాం. మర్నాటికి అదే చోట 5 డిగ్రీలు. ఫ్రిజ్‌లో ఇంకేదీ మార్చలేదు.

ఆ రోజు నుంచి నేను అరను పలకగా చూడడం మానేశాను. చల్లదనం పెట్టెలో నిలవ ఉండే వస్తువు కాదు. అది పారుతుంది. పారే నీటికి అడ్డంగా రాయి పడితే ఏమవుతుందో, పారే చల్లగాలికి అడ్డంగా అర వస్తే అదే అవుతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే.

మొదట్లో ఈ చిక్కు లేదు. 1930లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో క్లారెన్స్ బర్డ్స్‌ఐ గడ్డకట్టించిన ఆహారాన్ని మొదటిసారి దుకాణాల్లో అమ్మకానికి పెట్టినప్పుడు అది కొనేవారికి కొత్త వింత. అలాంటి సరుకుకు తొట్టిలాంటి పెట్టె చక్కగా సరిపోతుంది. చల్లగాలి వేడిగాలి కంటే బరువు కనుక, పైన మూత తీసి ఉన్నా బావిలో నీళ్లలా అడుగునే ఉంటుంది. కాని తొట్టిలో సరుకు కంటికి ఆనదు, వంగి వెతుక్కోవాలి, పైగా నేలంతా ఆక్రమిస్తుంది. అందుకని తొట్టిని నిలబెట్టాం. బావిని పక్కకు తిప్పి నిలబెడితే నీళ్లు ఒలికిపోవా? మరి చల్లగాలి ఒలికిపోకుండా ఎలా ఉంది?

దాన్ని ఆపేది గాలే. ఇదిగో, వేదిక పక్కనున్న ఈ ఫ్రిజ్ చూడండి. పైకప్పు ముందు అంచున తేనెపట్టు గళ్లలాంటి జాలీ ఉంది. లోపలి ఫ్యాన్లు తోసిన చల్లగాలి ఈ గళ్లలోంచి బయటికి వస్తుంది. గాలి సుడులు తిరగకుండా తిన్నని పొరగా దిగేలా చేయడమే ఆ గళ్ల పని. ఆ పొర అరల అంచుల ముందుగా జారి, అడుగున ముందువైపున్న ఈ రెండో జాలీలోకి వెళుతుంది. అక్కడినుంచి ఫ్యాన్లు దాన్ని లాగి, చల్లబరిచే కాయిల్ మీదుగా నడిపించి, మళ్లీ పైకి పంపుతాయి. కొంత గాలి వెనుక పలకకున్న చిల్లుల గుండా ప్రతి అర మీదికీ వస్తుంది. ముందు దిగే పొరను మేము గాలి తెర అంటాం.

ఈ తెర ఎంత సున్నితమో తెలియాలంటే ఒక పల్చటి టిష్యూ కాగితాన్ని సన్నని పట్టీగా చింపి, పై జాలీ దగ్గర పట్టుకోండి. తిన్నగా కిందికి వేలాడుతూ సన్నగా వణుకుతుంది. మెల్లగా కిందికి దించుతూ రండి. తెర బాగున్న ఫ్రిజ్‌లో పట్టీ అడుగు జాలీ వైపే లాగుతుంది. ఎక్కడైనా ఒక ప్యాకెట్ అంచు దాటి ముందుకు వస్తే, దాని పైన పట్టీ బయటికి, మీ ముఖం వైపు ఎగురుతుంది. ఆ చోట చల్లగాలి నడవలోకి పోతోందన్నమాట. దాని కిందనైతే పట్టీ లోపలికి తిరుగుతుంది. గదిలోని వేడిగాలి అక్కడ అరల్లోకి దూరుతోంది. తలుపు లేని నిలువు ఫ్రిజ్ బయటికి తోడిపోయవలసిన వేడిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇలా ముందునుంచి చొరబడే గాలి తెచ్చేదే. గోడల గుండా వచ్చేదీ, దీపాల నుంచి వచ్చేదీ దాని ముందు చాలా తక్కువ.

అందుకే ఫ్రిజ్ లోపలి పక్క గోడ మీద ఒక గీత ఉంటుంది. లోడ్ లైన్. దాన్ని చాలామంది చూసి కూడా చూడరు. స్టిక్కర్ అనుకుని దాని మీదే ధరల చీటీలు అంటించిన చోట్లు కూడా నేను చూశాను. తయారీదారు ఇచ్చే ఉష్ణోగ్రత హామీ అంతా ఆ గీతకు లోపలున్న సరుకుకే. ఈ ఫ్రిజ్‌లను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 23953లో ఎం1 అనే తరగతి ఉంది. అందులో ప్యాకెట్లు మైనస్ 1 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండాలి. ఎం2 అయితే 7 డిగ్రీల దాకా రావచ్చు. పరీక్షకు మామూలుగా వాడే గది 25 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం. ఆహారానికి బదులు జిగురు పదార్థంతో చేసిన అర కిలో ప్యాకెట్లను గీత దాకా పేర్చి, కొన్నింటి నడుమ ఉష్ణోగ్రత కొలిచే తీగ పెడతారు. గీత దాటించి సర్దిన రోజున మనం కొన్న ఫ్రిజ్ వేరు, వాడుతున్న ఫ్రిజ్ వేరు.

ఆ పరీక్షల్లోనూ, నా అనుభవంలోనూ ఒకే సంగతి కనబడుతుంది. ఒకే అర మీద వెనుక ప్యాకెట్ అన్నిటికన్నా చల్లగా ఉంటుంది, ముందుది అన్నిటికన్నా వెచ్చగా ఉంటుంది. వెనుకది చిల్లుల పలకకు దగ్గరగా ఉంటుంది. ముందుదానికి ఒక పక్క బలహీనమైన తెర, మరోపక్క గదిలోని గోడల నుంచీ దీపాల నుంచీ సూటిగా తగిలే వేడి. కొనేవారి చెయ్యి ముందు పడేది ఆ వెచ్చటి ప్యాకెట్ మీదే. నాకు ఈ పనిలో నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. ఫ్రిజ్ తలమీదున్న అంకె 3 డిగ్రీలని మెరుస్తూ ఉంటుంది. ఆ అంకె గాలిది. పిల్లవాడి కోసం తల్లి తీసుకెళ్లే పాల ప్యాకెట్‌ది కాదు.

వెనుకవైపు చేసే తప్పు దీనికి ఎదురుది. స్థలం వృథా కాకూడదని సరుకును చిల్లుల పలకకు అదిమి పెడతారు. చిల్లులు మూసుకుపోతాయి, ఆ అరకు గాలి అందదు. మూసుకోని చిల్లుల్లోంచి ఎక్కువ గాలి ఒకేచోట తగిలి, ఆకుకూరలైతే అక్కడ గడ్డకట్టి నల్లబడతాయి. ఒకే అర మీద ముందు వాడిపోవడం, వెనుక గడ్డకట్టడం చూసి మెకానిక్‌ను పిలుస్తారు. అరకు వెనుక రెండు వేళ్ల మందాన ఒక కడ్డీ అడ్డం పెడితే ఈ ఇబ్బంది తీరుతుంది. అలాగే ప్యాకెట్ల తలకూ పై అర అడుగుకూ మధ్య ఖాళీ ఉండాలి. మనిషి చెయ్యి సులువుగా దూరిందంటే గాలి కూడా దూరుతుంది.

ఇక బరువు. ఇది లెక్క వేస్తే గాని ఎవరూ నమ్మరు. 120 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల లోతు ఉన్న అర తీసుకోండి. లీటరు సీసా అడుగు 8 సెంటీమీటర్లు అనుకుంటే అడ్డంగా 15, లోతుకు 6 పడతాయి. మొత్తం 90 సీసాలు, సీసాల బరువు కలపకుండానే 90 కిలోలు. నిండు మనిషి ఒకరు ఎక్కి నిలబడినట్టే. ఆ బరువంతా మోసేది వెనుక నిలువు పట్టీల గాడుల్లో దూరిన బ్రాకెట్ కొక్కేలు. ముందు ఏ ఆధారమూ లేదు. బరువు ఎంత ముందుకు జరిగితే కొక్కెం మీద లాగుడు అంత పెరుగుతుంది. కాబట్టి అర లోతు పెంచడమంటే సరుకు పెంచడం మాత్రమే కాదు, మీట పొడవు పెంచడం కూడా. కొక్కెం కొంచెం వంగి అర ఒక్క డిగ్రీ వాలిందంటే, ముందు అంచు దాదాపు 9 మిల్లీమీటర్లు దిగుతుంది. కంటికి తెలియదు. నున్నటి సీసాలకు తెలుస్తుంది. పక్క సీసా తీసిన ప్రతిసారీ అవి వెంట్రుకవాసి ముందుకు జరుగుతూ, సాయంత్రానికి గీత దాటి తెరలో నిలబడతాయి. కుడి బ్రాకెట్ ఒక గాడిలో, ఎడమ బ్రాకెట్ దాని కింది గాడిలో తగిలించడం కూడా తరచు చూసే తప్పే. అరను అమర్చాక ఖాళీగా ఉన్నప్పుడే రెండు చేతులతో నొక్కి చూడండి.

కావాలని వాల్చే అరలు వేరు. సన్నని రోలర్లు పరిచి ముందుకు వాలుగా పెడితే, ఒక సీసా తీయగానే వెనుకది దొర్లి వస్తుంది. వెనుకనుంచి నింపే చల్లగదికి ఇవి అతికినట్టు సరిపోతాయి. ముందొచ్చిన సరుకు ముందు పోతుంది, తేదీ దాటినవి మూల పడి ఉండవు. వాలుగా ఉంచలేని చోట స్ప్రింగు తోపుడు పలకలు వాడతాం. వాటిలో ఉండేది చుట్టగా చుట్టిన పల్చటి ఉక్కు పట్టీ. మామూలు స్ప్రింగు లాగేకొద్దీ బిగుస్తుంది, ఈ చుట్ట మాత్రం ఎంత లాగినా దాదాపు ఒకే బలంతో నెడుతుంది. అందుకే నిండు వరుసకూ చివరి ప్యాకెట్‌కూ ఒకే తోపు. తేలికపాటి కప్పులకు బలమైన స్ప్రింగు పెడితే మూతలు నొక్కుకుపోతాయి, సరుకును తూచి స్ప్రింగు ఎంచుకోవాలి. వీటికి ఒక లోపం ఉంది. ముందునుంచి నింపేటప్పుడు పాత సరుకును తీసి, కొత్తదాన్ని వెనుక పెట్టి, మళ్లీ పాతది ముందు పెట్టాలి. స్ప్రింగు ఎదురు నెడుతూ ఉంటే ఆ ఓపిక ఎవరికీ ఉండదు. కొత్తది ముందు కూరుస్తారు, పాతది వెనుక అలాగే ఉండిపోతుంది. స్ప్రింగు అమ్మేవారు ఈ మాట చెప్పాలి. చెప్పడం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. తోపుడు పలకల పట్టాలు, వరుసలను విడదీసే పుల్లల గాడులు, రోలర్ల కీళ్లు, వీటన్నిటిలోనూ కారిన పాలు చేరతాయి. చలికి సూక్ష్మజీవులు నిద్రపోతాయన్న ధీమా అన్నిటికీ పనికిరాదు. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. అందుకే నేను ఏ అర చూసినా ముందు అడిగేది, పనిముట్టు లేకుండా ఊడుతుందా, సింకులో పడుతుందా అని. ఊడని అరను ఎవరూ కడగరు. ఇనుప అర మీది రంగు పూత, అంటే పౌడర్ కోటింగ్, ఒక్కచోట గీరుకుపోతే చాలు, తేమకు అక్కడ తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన చోటు ఎంత తుడిచినా శుభ్రం కాదు. చేపలూ మాంసమూ పెట్టే చోట స్టెయిన్‌లెస్ స్టీల్ తప్ప మరొకటి నేను సిఫారసు చేయను.

దీపాల గురించి క్లుప్తంగా చెబుతాను. అర కింద అమర్చే పాత ట్యూబులు చలికి మసకబారేవి, పైగా వేడి వదిలేవి. ఎల్‌ఈడీలకు చలి మేలే చేస్తుంది. అయినా పాలలోని బి2 విటమిన్‌కు వెలుగు పడదు. పారదర్శకమైన సీసాలను దీపానికి ఆనించి పెడితే రుచి మారుతుంది.

తలుపులు పెట్టేస్తే ఈ బాధలన్నీ పోవా అని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. వేడిగాలి చొరబాటు బాగా తగ్గుతుంది, వీలున్న ప్రతి చోటా పెట్టమనే నేనంటాను. కాని అర లోతు ఎక్కువై ప్యాకెట్ గాజుకు తగిలితే తలుపు వేలెడు తెరిచి ఉండిపోతుంది. తలుపు ఉందన్న నమ్మకంతో ఆ సందును ఎవరూ గమనించరు.

ఇక మాటలు ఆపుతాను. ఈ ఫ్రిజ్‌ను పొద్దున్నే వేసి పెట్టాం. పైనుంచి మూడో అరకు నాలుగు వేళ్ల పొడిగింపు ఉంది, నేను ఒకప్పుడు పెట్టినలాంటిదే. నాలుగో అర మీద ముందు వరుసలో థర్మామీటర్ ఉంది. టిష్యూ పట్టీలు బల్ల మీద ఉన్నాయి. ముందు వరుసలో కూర్చున్నవారు ఇద్దరు వచ్చి, ఒకరు మూడో అర పైన, ఒకరు కింద పట్టీ పట్టుకోండి. తర్వాత పొడిగింపు తీసేసి మళ్లీ చూద్దాం.