డబ్బా మీద లేని పేరు

అందరికీ నమస్కారం. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి నుంచి పని ఆపుకుని, ఈ ట్రాఫిక్‌లో పడి వచ్చారు. ముందుగా మీకు కృతజ్ఞతలు. నేను ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీల మురుగునీటి శుద్ధి పనిలోనే ఉన్నాను. ఈరోజు పీఫాస్ గురించి మాట్లాడతాను. పేపర్లలో ఫరెవర్ కెమికల్స్ అని రాస్తున్నారే, అవే. ఫ్లోరిన్ ఉన్న, ఓ పట్టాన నశించని రసాయనాల కుటుంబం.

పోయిన నెల హార్డ్ క్రోమ్ ప్లేటింగ్, అంటే రాడ్లకు గట్టి క్రోమ్ పూత వేసే మిత్రుడొకరు ఫోన్ చేశాడు. "అన్నా, జర్మనీ పార్టీ ఏదో ఫారం పంపింది, ఒకసారి వచ్చి చూస్తవా?" అన్నాడు. వెళ్లాను. నాలుగు పేజీల ఫారం. మీరు పంపే రాడ్లలో గానీ, వాటి తయారీలో గానీ పీఫాస్ ఉందా, ఉంటే ఏది, ఎంత అని అడిగారు. తప్పు చెబితే నష్టం మీరే భరించాలని కింద ఒక లైను, ఆ కింద సంతకానికి, స్టాంపుకి చోటు. "మనం అట్లాంటివి వాడం కదన్నా, లేదని రాసి పంపేస్త" అన్నాడు. ముందు ట్యాంకు దగ్గరికి పోదాం పద అన్నాను.

క్రోమ్ ట్యాంకు మీలో చాలామందికి తెలిసిందే. కరెంటు పెట్టగానే ఆ ఎర్రటి ద్రావణం కుతకుతా ఉడుకుతున్నట్టు బుడగలు లేస్తాయి. అందులో ఎక్కువ భాగం హైడ్రోజన్. బుడగ పైకొచ్చి పగిలినప్పుడల్లా క్రోమిక్ యాసిడ్ తుంపర గాల్లోకి లేస్తుంది. ఏళ్ల తరబడి దాన్ని పీల్చిన పనివాళ్లకు ముక్కులో పుండ్లు పడతాయి. ముక్కు లోపలి మధ్యగోడకు చిల్లు పడినవాళ్లను నేను కళ్లారా చూశాను. ఆ తుంపర లేవకుండా ట్యాంకులో కొద్దిగా ఒక ద్రవం పోస్తారు. పైన నురగ సన్నటి దుప్పటిలా పరుచుకుంటుంది. మామూలు సబ్బు ఆ యాసిడ్‌లో నిలవదు, మాడిపోతుంది. ఇది మాత్రం చెక్కుచెదరదు. కార్బన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య ఉన్న బంధం అంత గట్టిది. ట్యాంకులో దాన్ని నిలబెట్టిన గుణమే చెరువులో, బోరులో, మనిషి రక్తంలో కూడా నిలబెడుతుంది.

ఆ ద్రవం డబ్బా మూలన ఉంది. లేబుల్ మీద "ఫ్యూమ్ సప్రెసెంట్" అని మాత్రమే ఉంది. ఎంఎస్‌డీఎస్, అంటే అందులో ఏముందో చెప్పే కాగితం అడిగితే సప్లయర్ మూడు రోజులకు పంపాడు. అందులో "ఫ్లోరినేటెడ్ సర్ఫాక్టెంట్, ప్రొప్రైటరీ" అని ఒకే ముక్క. ఫ్లోరిన్ ఉన్న సబ్బులాంటిది, అసలు పేరు చెప్పం అని దాని అర్థం. అంటే పీఫాసే. పనివాడి ముక్కును కాపాడాలని పోసిన మందు అది. నా మిత్రుడు ఎవరినీ మోసం చేయలేదు. తెలియకుండానే అబద్ధం మీద సంతకం పెట్టబోయాడు, అంతే.

ఈ క్రోమ్ ట్యాంకుల్లో ఎన్నో ఏళ్లు వాడింది పీఎఫ్ఓఎస్. పీఫాస్ కుటుంబానికంతటికీ చెడ్డపేరు తెచ్చిన రసాయనాల్లో అది ఒకటి. దాన్ని విష రసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో కొన్ని మినహాయింపులతో కట్టడి చేసింది. టెఫ్లాన్ తయారీలో వాడిన పీఎఫ్ఓఏను 2019లో నిర్మూలన జాబితాలో పెట్టింది. ఈ పీఎఫ్ఓఏ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా ఈ రెండింటికీ తాగునీటిలో లీటరుకు 4 నానోగ్రాముల పరిమితి పెట్టింది. అంటే లక్ష కోట్ల భాగాల్లో నాలుగు భాగాలు. ఈ లెక్క మనకు ఊహకు అందదు కాబట్టి టీఎంసీల్లో చెబుతాను. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. అన్ని నీళ్లనూ ఆ పరిమితికి చేర్చడానికి 113 గ్రాములు చాలు. ఇంట్లో వాడే చిన్న టీ పొడి ప్యాకెట్టంత. మూడు టీఎంసీల హిమాయత్‌సాగర్‌కు మూడు ప్యాకెట్లు.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో వీటికి పరిమితే లేదు. పొల్యూషన్ వాళ్లకు మనం ఇచ్చే సీఓడీ, టీడీఎస్ రిపోర్టుల్లో ఇవి కనబడవు. ఇది విని కొందరికి ఊరటగా ఉండొచ్చు. నాకు మాత్రం భయంగా ఉంది. ఇక్కడ రూల్ లేనంత మాత్రాన మనల్ని రూల్ వదిలిపెట్టదు. కొనేవాడి ఫారం రూపంలో, వాడి లాయరు రాసిన భాషలో, పదిహేను రోజుల గడువుతో వస్తుంది. సర్కారు రూల్ తెస్తే ముందు ముసాయిదా పెడతారు, అభ్యంతరాలు చెప్పుకోవచ్చు, గడువు అడగొచ్చు, అందరికీ ఒకటే కొలత ఉంటుంది. ఫారంతో బేరం ఉండదు. పెద్ద కంపెనీకి దాన్ని చూసుకోవడానికి ఒక డిపార్టుమెంటే ఉంటుంది. ఎనిమిది మంది పనిచేసే షెడ్డులో ఎవరున్నారు?

ఇది మనకు కొత్త కాదు. 2018లో వల్సార్టన్ బీపీ మాత్రల్లో నైట్రోసమైన్ బయటపడినప్పుడు మన ఫార్మా వాళ్లు పడ్డ టెన్షన్ గుర్తుందా? అంతవరకూ ఎవరూ వెతకని మలినం అది. అంతకుముందు పటాన్‌చెరు. ఫ్యాక్టరీల మురుగు కలిసిన నక్కవాగు పొలాల రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. డాక్టర్ కిషన్‌రావు గారు వైద్యం చేస్తూనే దశాబ్దాలపాటు దాని మీద పోరాడారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. మన వాగులో ఏముందో ప్రపంచానికి చెప్పింది బయటివాళ్లు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆలస్యానికి ఖరీదు ఎంతో చూడండి. 3ఎం కంపెనీ 2023లో అమెరికా నీటి సంస్థలకు వెయ్యి కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకుంది. 2025 చివరికల్లా పీఫాస్ తయారీ నుంచే తప్పుకుంటామని అంతకుముందే ప్రకటించింది. ఇటలీలో మిటెని అనే ఫ్యాక్టరీ మూడు లక్షల మందికి పైగా తాగే నీటి వనరులను పాడుచేసి, 2018లో దివాలా తీసింది. 2025 జూన్‌లో అక్కడి కోర్టు పదకొండు మందికి జైలుశిక్ష వేసింది. మరి యంత్రాలు ఏమయ్యాయి? ఓడెక్కి మన మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాకు వచ్చాయి. అక్కడ రూల్ ఉంది, ఇక్కడ లేదు. ఇలాంటి చోటుగా మన దేశానికి పేరు రావడం ఏ వ్యాపారికీ మంచిది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అలాగని అన్నిటినీ ఒక్క గాటన కట్టి నిషేధించమని అనను. 2023 జనవరిలో ఐదు యూరప్ దేశాలు పెట్టిన ప్రతిపాదన పది వేలకు పైగా రసాయనాలను ఒకే గంపలో వేసింది. కార్బన్ మీద మూడు ఫ్లోరిన్లుంటే చాలు, ఆ లెక్కలోకి వస్తుంది. మన దగ్గర తయారయ్యే షుగర్ మందు సిటాగ్లిప్టిన్‌లోనూ అది ఉంది. మందులకు అందులో మినహాయింపు ఇచ్చారు. కానీ ఆ మందు తయారయ్యే రియాక్టర్‌కున్న టెఫ్లాన్ గాస్కెట్, లైనింగ్ పైపుల సంగతి? యాసిడ్ లైనుకు వేరే గాస్కెట్ వేసి లీకయితే ముందు కాలేది ఆపరేటర్ చేయి. ఎక్కడ తప్పదో, ఎక్కడ మానేయొచ్చో మనమే కూర్చుని రాసుకోవాలి. బిర్యానీ పార్సిల్ కాగితానికి నూనె అంటకుండా ఉండటానికి ఇది అక్కర్లేదు. క్రోమ్ ట్యాంకు సంగతి కొంచెం కష్టం. అలంకారపు పనికి ట్రైవాలెంట్ క్రోమ్ అనే తక్కువ విషపు రకం ఉంది. మందపాటి హార్డ్ క్రోమ్‌కు ట్యాంకు మీద మూత, మంచి ఎగ్జాస్ట్, ఆ గాలిని కడిగే స్క్రబ్బర్ పెట్టాలి. ఖర్చవుతుంది. ఆ ఖర్చుకు చిన్న యూనిట్లకు తక్కువ వడ్డీ అప్పు ఇమ్మని అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పరీక్షకు మన ఊళ్లో యంత్రాలకు కొదవ లేదు. ఫార్మా ల్యాబుల్లో అతి చిన్న మోతాదులను కూడా కొలిచే ఎల్‌సీఎంఎస్‌లు వరుసగా ఉన్నాయి. కావాల్సింది పద్ధతి, అందుబాటులో ధర. ఒక జాగ్రత్త చెబుతాను: శాంపిల్ పాలీప్రొపిలీన్ సీసాలో పట్టండి. మూతలో టెఫ్లాన్ లైనర్ ఉంటే మీ నీళ్లలో లేనిది కూడా రిపోర్టులో కనబడొచ్చు. ఆర్ఓ పెడితే పోతుందిగా అని అడుగుతున్నారు. శుద్ధమైన నీటిలోంచి పోతుంది, ఆర్ఓ బయటికి వదిలేసే రిజెక్టు నీటిలో చిక్కబడుతుంది. కార్బన్ ఫిల్టర్ పట్టినా ఆ కార్బన్‌లోనే కూర్చుంటుంది.

నా మిత్రుడు ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాశాడు: వాడుతున్నాం, ఇంత వాడుతున్నాం, ఇన్ని నెలల్లో ఆపుతాం. ఆర్డరు ఇంకా నిలిచే ఉంది. ఆ డబ్బాలో మాత్రం మూడో వంతు ద్రవం మిగిలింది. మోరీలో పోయొద్దని చెప్పి, మూత బిగించి, దాని మీద అసలు పేరు మార్కర్‌తో రాయించి పక్కన పెట్టించాను. ఇలాంటి మిగులును ఎక్కడికి పంపాలో, ఎలా నాశనం చేయాలో రాతపూర్వకంగా చెప్పమని పొల్యూషన్ బోర్డుకు ఈ వారం ఉత్తరం పంపుతున్నాం. కాపీ ఈ బల్ల మీదే ఉంది. మీ షెడ్డులో కూడా అలాంటి డబ్బా ఉంటే, వెళ్లేటప్పుడు ఈ ఉత్తరం మీద సంతకం పెట్టి వెళ్లండి.