మిఠాయి డబ్బాలో ఒడియా

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంటి నుంచి బయలుదేరుతుంటే ఎదురింటి ఒడియా ఆవిడ ఎక్కడికని అడిగారు. ‘ఉపొన్యాసొ దెబాకు’ అన్నాను. ఉపన్యాసం ఇవ్వడానికి వెళ్తున్నానని నా ఉద్దేశం. ఆవిడ నా ఖాళీ చేతులు చూసి, ‘ఎవరికి ఇస్తావు? పుస్తకమేదీ?’ అన్నారు. ఒడియాలో ఉపన్యాసమంటే నవల. ఇప్పుడు నేను చేస్తున్న దాన్ని వాళ్లు భాసొణొ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, ఆ తేడా తెలుసు కూడా. అయినా నోటికి మన మాటే వచ్చింది. కాబట్టి పాండిత్యం సంగతి నన్ను అడక్కండి. మరచిపోవడంలో మాత్రం నాకు మంచి అనుభవం ఉంది. ఆ మరుపుతో వేగుతూ, చిన్న చిన్న కార్డుల సాయంతో ఒడియా ఎలా నేర్చుకున్నానో చెబుతాను.

మాది టెక్కలి. పెళ్లయి వచ్చిన కొత్తలో బట్టల దుకాణం గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. రంగులు, కొలతలు, ‘ఆసొంతు’ అంటే రండి, ‘బొసొంతు’ అంటే కూర్చోండి. అంతవరకు ఆరు నెలల్లో వచ్చేసింది. ధర చెప్పాలంటే మాత్రం కాలిక్యులేటర్ అటు తిప్పి చూపించేదాన్ని. మన లెక్క తేలిక. ఇరవై తెలిస్తే ఇరవై ఒకటి దానంతట అదే వస్తుంది. ఒడియాలో వంద లోపు ప్రతి అంకెకూ దాదాపు విడిగా ఒక పేరు. ఇరవై తొమ్మిది ‘ఒణొతిరిసి’, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ముప్పై తొమ్మిది ‘ఒణొచాళిసి’. ‘ఒణొ’ వినగానే తర్వాతి పదికి వెళ్లి ఒకటి తీసేయాలి. బేరం మధ్యలో ఆ తీసివేత నాకు తెమిలేది కాదు.

ఇలా నడుస్తుండగా మా వాడిని ఒకటో తరగతిలో చేర్చాం. ఒకరోజు బడికి పిలిచారు. టీచరమ్మ నవ్వుతూ ‘పిలాకు భొలొ శిక్షా దొరొకారొ’ అంది. పిల్లవాడికి గట్టి శిక్ష పడాలి అంటోందనుకున్నాను. వాడేం చేశాడో అడగడానికి భాష చాల్లేదు. దారంతా వాడిని తిట్టుకుంటూ వచ్చి అత్తగారితో చెప్పాను. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వారు. ‘శిక్షంటే చదువే అమ్మాయీ! మంచి చదువు కావాలంటోంది.’

ఆ సాయంత్రమే ఒడియా వాచకం కొన్నాను. అక్షరాలు నెమ్మదిగా వచ్చాయి. చాలావాటికి నెత్తిన ఒకే గుండ్రటి గొడుగు, తేడా అంతా గొడుగు కింద. మాటల దగ్గరే ఇబ్బంది. రాత్రి ఒక్కోటి ఇరవైసార్లు వల్లె వేసేదాన్ని, తెల్లారేసరికి సగం పోయేవి. నా బుర్రే మొద్దుదనుకున్నాను. అందరి బుర్రా అంతేనని తర్వాత తెలిసింది. హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థంపర్థం లేని అక్షరాల ముక్కలు వేల కొద్దీ తయారుచేసుకుని, తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత జారిపోతుందో కొలిచాడు. 1885లో పుస్తకం వేశాడు. ఒకరోజు గడిచాక అదే జాబితాను మళ్లీ నేర్చుకుంటే మొదటిసారి పడ్డ శ్రమలో మూడో వంతే కలిసివచ్చింది. నెల తర్వాత ఐదో వంతు. అంటే ఎక్కువ భాగం మొదటిరోజే జారిపోతుంది, ఆ తర్వాత జారుడు నెమ్మదిస్తుంది. ఫోను వీడియోల్లో కొందరు దీన్నే ‘ఒక్కరోజులో మూడింట రెండు వంతులు మరచిపోతాం’ అని చెబుతుంటారు. ఆయన కొలిచింది మరచిన మాటల సంఖ్యను కాదు, మళ్లీ నేర్చుకునేటప్పుడు కలిసివచ్చిన శ్రమను. అవి అర్థం లేని ముక్కలన్నది కూడా గుర్తుంచుకోవాలి. మామిడిపండు అనే మాట అంత త్వరగా జారదు.

మన బడుల్లో పాతకాలం పంతుళ్లు ‘చదివావా’ అని అడిగి ఊరుకునేవారు కాదు, ‘అప్పజెప్పు’ అనేవారు. పుస్తకం మూసి, ఎదురుగా నిలబడి చెప్పాలి. దాని విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రోడిగర్, కార్పికీ అని అమెరికాలో ఇద్దరు 2006లో విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక విడత చదివి, మిగిలిన మూడు విడతలూ చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, అప్పజెప్పినవాళ్లకు 61. చదివిన రాత్రి అంతా వచ్చేసినట్టు అనిపించడం, వారానికి ఖాళీ కావడం, నా కథ అచ్చంగా ఇదే.

కార్డు అంటే మనిషి లేని పంతులు. ఒకవైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. తిప్పకముందే చెప్పాలి. ఈ పద్ధతి నాకు మా మరిది చెప్పాడు. ఇంట్లో పాత శుభలేఖలు కట్టలకొద్దీ పడి ఉంటే, వెనక ఖాళీ చూసి ముక్కలుగా కత్తిరించాను. మిఠాయి డబ్బాను అట్టముక్కలతో ఐదు గదులు చేశాను. కొత్త కార్డు మొదటి గదిలో ఉంటుంది, దాన్ని రోజూ తీయాలి. సరిగ్గా చెబితే రెండో గదికి వెళ్తుంది, అది రెండు రోజులకోసారి. మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, ఐదోది పక్షానికి. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి గదికే. వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టే. ఈ గదుల పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు సెబాస్టియన్ లైట్నర్, 1972లో. శుభలేఖలూ మిఠాయి డబ్బా మాత్రం నావి.

ఇప్పుడు ఆ పని ఫోను చేస్తుంది. నేను వాడేది ఆంకీ అనే యాప్. జపాన్ భాషలో ఆ మాటకు కంఠస్థం చేయడమని అర్థం. 2006లో డేమియన్ ఎల్మ్స్ తయారుచేశాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితంగా దొరుకుతుంది. దాని మూలంలో ఉన్న లెక్క పోలండ్‌కు చెందిన ప్యోటర్ వోజ్నియాక్‌ది, 1987 నాటిది. సరిగ్గా చెప్పిన కార్డు మొదట ఒకరోజుకు, తర్వాత ఆరు రోజులకు వస్తుంది. అక్కడి నుంచి గడువు సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది. 15 రోజులు, 38, 94. కూడి చూడండి, ఐదుసార్లు అప్పజెప్పేసరికి ఐదు నెలలు దాటాయి. గడువు పెరిగేకొద్దీ గుర్తుచేసుకోవడం కష్టమవుతుంది, ఆ కాస్త కష్టంలోనే మాట గట్టిపడుతుంది. 2023లో దీనికి ఇంకో కొత్త లెక్క కలిపారు, అది మన తప్పొప్పులను చూసి గడువులు మారుస్తుంది. సూత్రం పాతదే.

నేను చేసిన తప్పులు కూడా చెప్పాలి. అవి విన్నవాళ్లకు కొన్ని నెలలు కలిసివస్తాయి.

మొదటిది, ఒడియా మాటలను తెలుగు లిపిలో రాసుకోవడం. ‘భల’ అని రాసుకుని భల అనే చదివాను. ఒడియాలో అకారం పెదవులు గుండ్రం చేసి ఒకారంలా పలకాలి, ‘భొలొ’. మనలాగే వాళ్లూ మాట చివరి అచ్చును మింగకుండా పలుకుతారు, అది మన అదృష్టం. కానీ నేను తప్పు పలుకునే నెలల తరబడి అప్పజెప్పి గట్టిచేసుకున్నాను. తప్పును కూడా కార్డు అంతే శ్రద్ధగా నేర్పుతుంది. తర్వాత మా పక్కింటి పిల్లచేత చెప్పించి, ఆ గొంతును కార్డులో పెట్టుకున్నాను.

రెండోది, ఒకే కార్డులో అన్నీ కుక్కడం. ‘కొథా’ అన్న మాటకు కథ, మాట, సంగతి అని మూడు అర్థాలు రాశాను. ఎప్పుడు తీసినా రెండే గుర్తొచ్చేవి, కార్డు మళ్లీ మొదటికి. ఒక్కో అర్థానికి దుకాణంలో విన్న వాక్యం ఒక్కోటి పెట్టి మూడు కార్డులు చేశాక గొడవ తీరింది. అలాగే ఒడియా చూసి తెలుగు చెప్పడం ఒక విద్య, తెలుగు చూసి ఒడియా చెప్పడం వేరే విద్య. మొదటిది తేలిగ్గా వస్తుంది, నోరు తెరవడానికి మాత్రం పనికిరాదు. రెండు వైపులా చేసుకోండి.

మూడోది అత్యాశ. ఆంకీలో రోజుకు ఇరవై కొత్త కార్డులని ముందే పెట్టి ఉంటుంది. దాన్ని మార్చలేదు. మొదటి వారం సరదాగా ఉంది. నెల తిరిగేసరికి పాతవన్నీ వడ్డీతో సహా వచ్చి కూర్చున్నాయి. ఆపైన పెళ్లిళ్ల కాలం. పదకొండు రోజులు ఫోను తెరవలేదు. తెరిచేసరికి నాలుగు వందలకు పైగా బాకీ. కోపంతో మొత్తం చెరిపేశాను. ఇప్పుడు రోజుకు ఐదు. టీ కాగేలోపు అయిపోతుంది.

పిల్లల సంగతికి వస్తాను. మీలో చాలామంది బాధ నాకు తెలుసు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు బోర్డు చదవలేరు. మా వాడూ అంతే. అఆల పుస్తకం ఇస్తే పారిపోయేవాడు. అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడల్లా బస్సు బోర్డులు ఫోటో తీశాను. కార్డుకు ముందువైపు బోర్డు, వెనకవైపు వాడి గొంతుతోనే ఊరి పేరు. పలాస తేలిగ్గా వచ్చింది. టెక్కలితో కకార ఒత్తు, పాతపట్నంతో నకార ఒత్తు, శ్రీకాకుళంతో రకార ఒత్తు వచ్చాయి. రెండు వేసవి సెలవుల్లో బోర్డులు చదవసాగాడు. మాటలు ముందే చెవిలో ఉన్నాయి కాబట్టి కన్ను ఒక్కటే నేర్చుకోవాల్సి వచ్చింది. తెలుగు అసలు రాని పిల్లవాడి మీద ఇదే ప్రయోగిస్తే పనిచేస్తుందని నేననను.

1880లో ఈ ఊరి బడికి పంతులుగా వచ్చిన గిడుగు రామమూర్తి గారికి సవర నేర్చుకోవడానికి వాచకమే లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ పైన వ్యాకరణం, నిఘంటువు రాశారు. మనిషి ఎదురుగా ఉంటే కార్డు దండగ. మా దుకాణంలో రోజుకు పదిసార్లు వినే మాటలకు నేను కార్డులు చేయను, అవి ఎప్పుడు అప్పజెప్పాలో గిరాకీలే చూసుకుంటారు. బ్యాంకు కాగితంలో, బడి నోటీసులో, ఆస్పత్రి చీటీలో ఆరు నెలలకోసారి ఎదురయ్యే మాటలకే కార్డు. ఇంకా మన మాటలాగే కనిపించి మోసం చేసేవి. రాగమంటే వాళ్లకు కోపం, గాళి అంటే తిట్టు, అభిమానమంటే అలక.

ఎనిమిదిసార్లు మరచిన కార్డుకు ఆంకీ ఒక గుర్తు పెట్టేస్తుంది. దానికి పెట్టిన పేరు జలగ. నా జలగల్లో పెద్దది ‘ఒబొసొరొ’. చూడ్డానికి మన అవసరమే. అర్థం విశ్రాంతి, పదవీ విరమణ. పోయిన వారం ఒక పాత గిరాకీ చాలా రోజులకు వచ్చి, ‘మూ ఒబొసొరొ నేలి’ అన్నారు సంతోషంగా. ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. నేను గబగబా లేచి, ‘ఏం కావాలి, చీరలా పంచెలా?’ అన్నాను. ఆయన వెళ్లాక కార్డు తీసి ఆయన వాక్యమే దాని మీద రాసుకున్నాను. ఇప్పుడది మొదటి గదిలో ఉంది. రేపు పొద్దున మళ్లీ అడుగుతుంది.