పెట్టె మీద పేరుంటే కూలర్ పట్టేస్తుందా?

నమస్కారం. ఈ వారం నాకు వచ్చిన ప్రశ్నల్లో సగం ఒకటే. "అన్నా, కంప్యూటర్ ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ పెట్టె మీద మా మదర్‌బోర్డు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) పేరు ఉంది. పెద్ద కూలర్ కొనేయవచ్చా?" పేరు ఉండటం వేరు, పట్టడం వేరు. ఎన్నిసార్లు చెప్పినా అదే ప్రశ్న!

విజయనగరంలో కోట వెనుక సందులో మా అమ్మమ్మగారి పెంకుటిల్లు. మామయ్య బీరువా కొనే ముందు గుమ్మం వెడల్పు కొలిచాడు. బీరువా గుమ్మం దాటింది కూడా. లోపల నడవ మలుపులో ఇరుక్కుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. తలుపు సగమే తెరుచుకుంటుంది, చెయ్యి దూర్చి చీరలు తీయాలి.

పెట్టె మీది సాకెట్ పేరు ఆ గుమ్మం వెడల్పు లాంటిది. అంతవరకే.

(కెమెరా బోర్డు మీదికి)

ముందు గుమ్మమే చూద్దాం. ప్రాసెసర్ చుట్టూ ఈ నాలుగు రంధ్రాలు. ఇంటెల్ 775 సాకెట్‌లో వీటి మధ్య దూరం 72 మిల్లీమీటర్లు. 1156, 1155, 1150, 1151, 1200లకు 75. 1700కి 78. రంధ్రం మధ్యభాగం స్కేలుకు చిక్కదు కాబట్టి ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి పక్క రంధ్రం ఎడమ అంచుకు కొలవండి, లెక్క అదే వస్తుంది. మూడు మిల్లీమీటర్లే కదా అని నేనూ ఒకసారి 75 కూలర్‌ను 775 బోర్డుకు బిగించబోయాను. ఒక మర దిగింది, రెండోది ససేమిరా అంది. బలవంతం చేసి ఉంటే బోర్డు వంగేది.

ఇక నడవ మలుపు. అంటే ర్యామ్, సాకెట్ పక్కన నిలబడే మెమరీ పలకలు. నాక్చువా ఎన్‌హెచ్-డీ15 అనే పెద్ద కూలర్ తీసుకోండి: ఎత్తు 165 మిల్లీమీటర్లు, ఫ్యాన్లతో కలిపి కిలో 320 గ్రాములు. దాని ముందు ఫ్యాను కింద ర్యామ్‌కు మిగిలేది 32 మిల్లీమీటర్లే. పాత మామూలు ర్యామ్ దూరుతుంది. రెక్కల కిరీటం పెట్టుకున్న ర్యామ్ దూరదు (ఆ కిరీటాలు చాలావరకు సోకు కోసమేనని నా అభిప్రాయం). ఫ్యానును పైకి జరపవచ్చు కదా అంటారు. జరపండి, అప్పుడు దూలం తగులుతుంది! ఫ్యాను ఎంత లేస్తే మొత్తం ఎత్తు దాదాపు అంత పెరుగుతుంది, కంప్యూటర్ క్యాబినెట్ పక్క తలుపు మూసుకోదు.

పాత బోర్డుల్లో ఇంకో తంటా. 775 బోర్డుల్లో సాకెట్ పక్కనే ప్రాసెసర్‌ను ర్యామ్‌తో కలిపే నార్త్‌బ్రిడ్జ్ చిప్, దాని మీద వేడి లాగే సొంత లోహపు దిమ్మ (హీట్‌సింక్). కూలర్ అడుగు దానికి తగలకూడదు.

కెమెరా బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. బోర్డు వెనక్కి తిప్పండి, కూలర్‌ను వెనుక నుంచి పట్టి ఉంచే పలక (బ్యాక్‌ప్లేట్) కూర్చునే చోట టంకం మొనలు పొడుచుకుని ఉండకూడదు. ఏఎండీ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు: ఏఎం3 సాకెట్ రంధ్రాల మధ్య దూరం 96 బై 48 మిల్లీమీటర్లు, ఏఎం4వి 90 బై 54, కాబట్టి మరలతో బిగించే కూలర్‌కు వేరే బిగింపు కావాలి. ప్లాస్టిక్ కొక్కేలకు తగిలించే రకమైతే సాధారణంగా రెండింటికీ సరిపోతుంది.

కొనే ముందు కూలర్ కొలతలతో ఒక అట్టపెట్టె చేయండి. డీ15కైతే 150 వెడల్పు, 161 లోతు, 165 ఎత్తు మిల్లీమీటర్లు; ర్యామ్ వైపు కింద ఆ 32 కోసేయండి. సాకెట్ మీద నిలబెట్టి, తీయకుండానే గ్రాఫిక్స్ కార్డు పై స్లాటులో గుచ్చి చూడండి, తర్వాత క్యాబినెట్ తలుపు వేయండి. అట్ట నలిగితే నష్టం లే