ఎర్ర లైటు వస్తోందా, చూడండి

శ్రోతలకు నమస్కారం. ఇంటికి నెట్ పెట్టించాలి, ఏది మంచిది అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. పాత టెలిఫోన్ రాగి తీగ మీద వచ్చే నెట్, ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది. ఎయిర్‌ఫైబర్ పేరులో ఫైబర్ ఉన్నా, డాబా మీది డబ్బాకు వచ్చేది 5జీ సిగ్నలే. తీగ లాగలేని పొలం దగ్గరి ఇంటికి అదే దిక్కు. కాకపోతే సాయంత్రం అందరూ ఒకే టవరు మీద పడితే వేగం తగ్గుతుంది. మీ వీధిలోకి ఫైబర్, అంటే గాజుతీగలో వెలుగుగా నడిచే నెట్, వచ్చి ఉంటే ఫైబరే పెట్టించుకోండి, నా మాట అదే.

అయితే ఫైబర్ తెగుతుంది. మిర్యాలగూడ దిక్కు వరికోతల రోజుల్లో చూడండి. గడ్డి ఎత్తుగా కట్టిన ట్రాక్టరు వస్తుంది, స్తంభాల మధ్య వేలాడే తీగకు తగులుతుంది. వీధంతా నెట్ బంద్. ఆ తీగను పనివాడు అతికించడం దగ్గర నిలబడి చూశాను. పైతొడుగు ఒలిస్తే లోపల వెంట్రుకంత గాజుపోగు. స్పిరిట్‌తో తుడిచాడు, కొసలు తిన్నగా కోశాడు, చిన్న మిషన్‌లో ఎదురెదురుగా పెట్టాడు. తెర మీద రెండు కొసలూ దగ్గరకు జరిగాయి. చిన్న మెరుపు. గాజు కరిగి అతుక్కుంది. వెలుగు నడిచే నడిమి భాగం మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు, అంత సన్ననివి రెండూ సరిగ్గా కుదరాలి. అదీ రోడ్డు పక్కన, ఎండలో, దుమ్ములో. ఆ పనివాళ్లంటే నాకెంతో గౌరవం.

మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంట వేసిన టీ-ఫైబర్, అంటే తెలంగాణ ప్రభుత్వ ఫైబర్, భూమిలోనే ఊరిదాకా వస్తుంది. 2024 డిసెంబరులో ముందుగా మొదలైన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఊళ్లోకి వచ్చాక ఇంటింటికీ మళ్లీ తీగ లాగాల్సిందే.

అందుకే చెబుతున్నాను. నెట్ ఆగగానే ముందు ఇంట్లో ఫైబర్ తీగ తగిలించిన డబ్బా చూడండి. ఎల్.ఓ.ఎస్. అని రాసిన చోట ఎర్ర లైటు వస్తోందా? అంటే వెలుగు మీ ఇంటిదాకా రావట్లేదు. తీగ తెగిందో, మడత పడిందో. డబ్బాను ఎన్నిసార్లు ఆపి మళ్లీ ఆన్ చేసినా లాభం లేదు. ఫోన్ చేసి "ఎర్ర లైటు వస్తోంది" అనండి, మనిషి మిషన్ పట్టుకునే వస్తాడు. ఎర్ర లైటు లేదా? అప్పుడు ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి చూడండి.

ఇక కరెంటు. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది, ఇంట్లో చీకటైనా ఫోను మోగేది. గాజులో కరెంటు రాదు. గాలిదుమారానికి కరెంటు పోతే డబ్బా కూడా ఆరిపోతుంది. దానికో చిన్న యూపీఎస్ పెట్టుకోండి. కొనేముందు డబ్బా అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో ఫోటో తీసుకుని దుకాణంలో చూపించండి.